మా అమ్మాయికి వచ్చిన రెండు

2025 జూలైలో ఒక సాయంత్రం, మొగల్రాజపురంలోని మా ఇంట్లో, మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ అనే సంస్థ ఖాతాలో తన స్కోర్లు చూసుకొంది. కాలిక్యులస్ బీసీలో 5 వచ్చింది. ఫిజిక్స్ సీ మెకానిక్స్‌లో 2 వచ్చింది. నేను ఇరవై రెండేళ్లుగా విజయవాడలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతిక శాస్త్రం చెబుతున్నాను కాబట్టి ఆ రెండో అంకె చూడగానే నా నోట మాట రాలేదు. మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకొంటూ వచ్చి, “ఎంతొచ్చిందే తల్లీ?” అని అడిగింది. “రెండు, నాయనమ్మా” అంది అమ్మాయి. “రెండో ర్యాంకే! మా బంగారమే!” అంటూ ఆవిడ దేవుడి గూట్లో బెల్లం ముక్క పెట్టడానికి వెళ్లింది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న పిల్లకు ఆ మాటతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ల్యాప్‌టాప్ మూసేసి మేడ మీదికి వెళ్లిపోయింది.

మా అమ్మ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. బందరు రోడ్డు మీద, బెంజి సర్కిల్ చుట్టూ ఉన్న హోర్డింగుల మీద పిల్లల ఫొటోల పక్కన వేసే అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప అని ఆవిడ ఏళ్ల తరబడి చూస్తూ వచ్చింది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో లెక్క తిరగబడుతుంది. అక్కడ 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు, అన్నిటికంటే పైది 5, కళాశాల స్థాయి పాఠానికి అర్హత ఉందని చెప్పే గీత 3 దగ్గర ఉంటుంది. దీన్ని పొట్టిగా ఏపీ అంటారు, కానీ మన రాష్ట్రంలో ‘ఏపీ పరీక్ష’ అంటే అందరూ ఈఏపీసెట్ అనుకొంటారు కాబట్టి నేను పూర్తి పేరే వాడుతున్నాను. అమెరికాలోని ఉన్నత పాఠశాలల పిల్లలు ఏడాది పొడవునా ఆ కోర్సు చదివి మే నెల మొదటి రెండు వారాల్లో ఈ పరీక్ష రాస్తారు. మా అమ్మాయి చదివేది సీబీఎస్‌ఈ బడి. అక్కడ ఆ కోర్సు లేదు. పదకొండో తరగతి చదువుతూనే ఇంట్లో సొంతంగా చదువుకొని, మే ఎండల్లో నాతోపాటు శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లి, అక్కడి ఒక కేంద్రంలో రెండు పరీక్షలూ రాసి వచ్చింది.

ఆ రాత్రే డల్లాస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, దాన్ని క్యాన్సిల్ చేయించెయ్. ఎవరికీ తెలియదు, పీడా పోతుంది” అన్నాడు. పిల్ల మీద ప్రేమతోనే అన్నాడు. మా ఆవిడ కూడా “ఏమండీ, దాన్ని అట్లా ఉంచి ఏం లాభం? తీసేయించండి” అంది. నాకూ అదే సబబుగా తోచింది. అయినా పదిహేడేళ్ల పిల్ల పేరు మీద ఉన్న రికార్డును చెరిపేసే ముందు నిబంధనలు చదవాలని నిర్ణయించుకొని, మూడు రాత్రులు కూర్చొని చదివాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మూడు రాత్రులే, ఎందుకంటే మా ఊళ్లో ఈ మధ్య ఈ పరీక్షలు రాసే పిల్లలు కనిపిస్తున్నారు, వాళ్ల తల్లిదండ్రులకు సరైన మాట చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

రద్దు చేయించుకోవడం అంటే ఆ స్కోరు శాశ్వతంగా పోవడం. దానికి రుసుము లేదు, కానీ కట్టిన పరీక్ష ఫీజు తిరిగి రాదు, రేపు మనసు మార్చుకొన్నా ఆ స్కోరు తిరిగి రాదు. దానికంటే మెత్తని మార్గం మరొకటి ఉంది: ఫలానా కళాశాలకు వెళ్లే అధికారిక నివేదికలో ఫలానా స్కోరు కనిపించకుండా ఆపించుకోవచ్చు. ఒక్కో స్కోరుకు, ఒక్కో కళాశాలకు 10 డాలర్లు కట్టాలి, తరువాత ఎప్పుడైనా ఆ ఆంక్ష ఎత్తేయించుకోవచ్చు. అయితే ఈ రెండూ కాలేజ్ బోర్డ్ నేరుగా పంపే అధికారిక నివేదికకు సంబంధించినవి. ఆ నివేదికలో మామూలుగా పిల్లలు రాసిన స్కోర్లన్నీ ఉంటాయి, మంచివి మాత్రమే ఏరి పంపడం కుదరదు. కానీ దరఖాస్తు చేసేటప్పుడు చాలా కళాశాలలు ఆ నివేదికను అడగనే అడగవు. చాలా కళాశాలలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్ అనే ఆన్‌లైన్ ఫారంలో విద్యార్థే తన స్కోర్లు రాసుకొంటాడు. సీటు వచ్చి, చేరడానికి ఒప్పుకొన్న తరువాత, క్రెడిట్ కావాలంటే, అంటే ఆ పాఠం కళాశాలలో చదివినట్టే లెక్క వేయించుకోవాలంటే, అప్పుడు అధికారిక నివేదిక పంపిస్తాడు. అప్పటికి ప్రవేశం అయిపోయి ఉంటుంది కాబట్టి అందులో 2 కనిపించినా పోయేదేమీ లేదు, ఆ సబ్జెక్టుకు క్రెడిట్ రాదంతే.

ఇక్కడ ఒక్క చోట తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి. పరీక్ష రాసిన ఏడాది ఒక కళాశాలకు ఉచితంగా స్కోర్లు పంపే అవకాశం ఇస్తారు, దాన్ని జూన్ 20 లోపల ఎంచుకోవాలి. స్కోర్లు వచ్చేది జూలైలో. అంటే ఎంత వచ్చిందో తెలియకుండానే పంపమని చెప్పినట్టు అవుతుంది. డబ్బు కలిసి వస్తుందని తొందరపడి ఆ గడి నింపకండి. మా అమ్మాయి ఆ గడి ఖాళీగా వదిలేసింది కాబట్టి ఆ రెండు ఏ కళాశాలకూ చేరలేదు, అందువల్ల రద్దు చేయించాల్సిన పని కూడా లేదని నాలుగో రోజు ఉదయం మా ఆవిడకు చెప్పాను. బావమరిదికి ఫోన్ చేసి చెబితే “అట్లాగా బావా” అని కాసేపు మౌనంగా ఉండి, తన స్నేహితుడి కొడుకు స్కోరు ఒకటి గత ఏడాది అనవసరంగా రద్దు చేయించామని బాధపడ్డాడు.

మా అమ్మాయి బాధ మాత్రం వేరు. మేడ మీద, కొండ వైపు చూస్తూ కూర్చొని, “నాన్నా, ఐదు రాసి రెండు రాయకపోతే అబద్ధం చెప్పినట్టు కాదా?” అని అడిగింది. ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం ‘ఎవరికి తెలుస్తుంది’ అన్న దగ్గర ఆగిపోతే, పిల్ల ఒక్కతే ‘చెప్పాలా వద్దా’ అని ఆలోచించింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. దరఖాస్తు ఫారం తెరిచి ఇద్దరం కలిసి చదివాం. కామన్ యాప్ పరీక్షల విభాగంలో అడిగేది మీరు తెలియజేయాలని అనుకొంటున్న పరీక్షలు ఏవి అని, మీరు రాసిన పరీక్షలన్నీ ఏవి అని కాదు. ఎంపికను వాళ్లే విద్యార్థి చేతికి ఇచ్చారు, ఆ ఎంపిక ఉందని ఆ ఫారం చదివే అధికారికీ తెలుసు. అటువంటి చోట 2 రాయకపోవడం మోసం కాదని నా నమ్మకం.

అన్ని చోట్లా ప్రశ్న ఒకేలా ఉండదు. యేల్ విశ్వవిద్యాలయం 2024లో ప్రకటించిన విధానం ప్రకారం శాట్, ఏసీటీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఐబీ స్కోర్లలో ఏదో ఒక రకాన్ని విద్యార్థి ఎంచుకోవచ్చు, కానీ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌ను ఎంచుకొంటే అప్పటిదాకా రాసిన ఆ పరీక్షలన్నిటి ఫలితాలూ ఇవ్వాలి. బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు అక్కడి ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్ ద్వారా దరఖాస్తు చేసేవాళ్లు రాసిన అర్హత పరీక్షలన్నీ ఫలితాలతో సహా చూపించాలి. అటువంటి చోట 5 చూపించి 2 దాచడం అబద్ధమే అవుతుంది, అది బయటపడితే వచ్చిన సీటు కూడా పోతుంది. అందుకని మా అమ్మాయి తను ఎంచుకొన్న ఒక్కో విశ్వవిద్యాలయం పేరు పక్కన, వాళ్ల ప్రశ్న ఏమిటో ఉన్నది ఉన్నట్టు ఒక నోటు పుస్తకంలో రాసుకొంది. ఆ పుస్తకం మూడు పేజీలు నిండేటప్పటికి పిల్ల ముఖంలో దిగులు చాలా వరకు పోయింది.

నా మనసులో ఇంకో సందేహం ఉండేది. ఇంజనీరింగుకు దరఖాస్తు చేస్తూ గణితం స్కోరు రాసి భౌతిక శాస్త్రం స్కోరు రాయకపోతే, చదివేవాళ్లకు అనుమానం రాదా? ఇక్కడ మన పిల్లల పరిస్థితి అమెరికా పిల్లల పరిస్థితికి భిన్నంగా ఉంటుంది. అక్కడి పిల్లకు బడిలో ఆ కోర్సు ఉంటుంది, దాని గ్రేడు మార్కుల పత్రంలో కనిపిస్తుంది, గ్రేడు ఉండి స్కోరు లేకపోతే ఎందుకు లేదన్న ప్రశ్న పుట్టవచ్చు. మన పిల్లకు బడిలో ఆ కోర్సే లేదు. ప్రవేశాల అధికారులు విద్యార్థిని తన బడిలో దొరికే చదువుతో పోల్చి చూస్తారు, ఆ బడి ఎటువంటిదో చెప్పే పత్రం కూడా దరఖాస్తుతో వెళ్తుంది. సీబీఎస్‌ఈలో చదివే అమ్మాయి ఒక పరీక్ష అదనంగా రాసి 5 తెచ్చుకొందంటే అది అదనపు బలం అవుతుంది. రెండోది ఎందుకు లేదని అడిగే కారణం ఎవరికీ ఉండదు. తన భౌతిక శాస్త్రం ఎంతో చెప్పడానికి పదకొండో తరగతి మార్కులూ, బడి వాళ్లు ఇచ్చే పన్నెండో తరగతి అంచనా మార్కులూ ఉన్నాయి.

ఒక ఆదివారం మా ఆవిడ పోరు పడలేక ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడ కూర్చున్న పెద్దమనిషి పిల్ల స్కోర్లు చూసి, రెండు కూడా రాసేసి, పరీక్ష రోజున జ్వరంతో ఉన్నట్టు అదనపు సమాచారం విభాగంలో ఒక వివరణ రాద్దామన్నాడు, దానికి విడిగా ఫీజు అన్నాడు. మా అమ్మాయికి ఆ రోజు జ్వరం లేదు. ఆ విభాగం నిజంగా ఇంట్లో చావు జరిగినవాళ్ల కోసం, ఆసుపత్రిలో పడినవాళ్ల కోసం, బడి మారి చదువు చెదిరిపోయినవాళ్ల కోసం ఉంది. 2025లో దాన్ని 300 పదాలకు తగ్గించారు కూడా. లేని జ్వరంతో దాన్ని నింపమనడం నాకు చాలా కోపం తెప్పించింది. “వద్దండీ” అని చెప్పి లేచి వచ్చేశాం. నిజమైన కారణం ఉన్న పిల్లలు మాత్రం మొహమాటపడకుండా రెండు మూడు వాక్యాల్లో రాయాలి. కారణం లేకుండా సంజాయిషీ చెప్పుకోవడం ఆ స్కోరు మీదికి మనమే టార్చి లైటు వేసి చూపించినట్టు అవుతుంది.

మళ్లీ రాస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడిగారు. ఈ పరీక్ష ఏడాదికి ఒక్కసారే, మేలో ఉంటుంది. పన్నెండో తరగతి పిల్ల దరఖాస్తులు నవంబరు నుంచి జనవరి మొదటి రోజుల వరకు వెళ్తాయి, జవాబులు మార్చి నెలాఖరుకల్లా వచ్చేస్తాయి, మళ్లీ రాసిన పరీక్ష ఫలితం జూలైలో వస్తుంది. కాబట్టి ప్రవేశానికి అది ఏ విధంగానూ పనికిరాదు. చేరిన చోట క్రెడిట్ రావడానికి మాత్రమే పనికొస్తుంది, ఆ క్రెడిట్ సంగతీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వ్యవస్థ 3 వచ్చినా క్రెడిట్ ఇస్తుంది, టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా 3కే ఇవ్వాలి, కాల్‌టెక్ ఎంత వచ్చినా ఇవ్వదు. ఏ కళాశాల ఎంత స్కోరుకు ఏమి ఇస్తుందో కాలేజ్ బోర్డ్ సైటులోనే వెతుక్కోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, మెకానిక్స్‌లో 2 వచ్చిన పిల్ల మొదటి సెమిస్టరులో ఆ పాఠం మొదటి నుంచి చదువుకోవడమే మంచిది. డబ్బు మిగులుతుందని పునాది గట్టిపడకుండా పై తరగతికి ఎక్కించడం ఇంటర్ పిల్లల విషయంలో నేను ఎన్నోసార్లు చూసిన పొరపాటు.

ఇంతకూ ఆ రెండు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినప్పుడు నేను నా ఉద్యోగం గురించి ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఆ పరీక్షలో సగం బరువు 40 బిట్లకు, మిగతా సగం చేత్తో రాయవలసిన నాలుగు పెద్ద ప్రశ్నలకు ఉంటుంది. బిట్ల సంగతి మా పిల్లకు బాగా తెలుసు. ఆప్షన్ల నుంచి వెనక్కి లెక్క కట్టడం, యూనిట్లు చూసి తప్పు ఆప్షన్లు కొట్టేయడం నేనే నేర్పాను. పెద్ద ప్రశ్నల నమూనాలను, వాటికి మార్కులు వేసే పద్ధతిని, విద్యార్థులు రాసిన జవాబులతో సహా కాలేజ్ బోర్డ్ తన సైటులో పెడుతుంది. వాటిలో ప్రయోగానికి సంబంధించిన ఒక ప్రశ్న ఇచ్చి పిల్లచేత మళ్లీ రాయించి, ఆ పద్ధతి ప్రకారం ఎర్ర పెన్ను పట్టుకొని నేనే దిద్దాను. పదికి మూడు వచ్చాయి. సూత్రం సరిగ్గా ఉంది, చివరి విలువ సరిగ్గా ఉంది. కానీ ఏ పరికరంతో ఏమి కొలుస్తారు, ఎన్నిసార్లు కొలుస్తారు, ఏ రాశిని దేనికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది, ఆ రేఖ వాలు ఏమి చెబుతుంది అన్న చోటల్లా కాగితం ఖాళీగా ఉంది. అక్కడే మార్కులన్నీ ఉన్నాయి. ప్రాక్టికల్స్ ముందు పది రోజుల్లో ఒకరి రికార్డు చూసి ఇంకొకరు ఎక్కించుకోవడం మా కళాశాలల్లో ఎంత మామూలో నాకు తెలుసు, ఆ రికార్డుల మీద ఏళ్లుగా సంతకాలు పెట్టినవాణ్ణి నేను. ఈ లోటుకు నా పిల్లను ఒక్కదాన్నే బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు.

అందుకని దసరా సెలవుల్లో మా ల్యాబ్ నుంచి ఒక మెత్తని స్ప్రింగు, యాభై గ్రాముల బరువులు కొన్ని అడిగి ఇంటికి తెచ్చాను. వంటింటి గుమ్మానికి మేకు కొట్టి స్ప్రింగు వేలాడదీశాం. ఆ రోజు మూలా నక్షత్రం. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి సరస్వతీ అలంకారం చూడటానికి వచ్చిన జనంతో ఊరు నిండిపోయి ఉంది, మా అమ్మ పుస్తకాలన్నీ పూజలో పెట్టేసింది కాబట్టి సూత్రం చూసుకోవడానికి కూడా పుస్తకం లేదు. పిల్ల ఒక్కో బరువు తగిలించి ఇరవై డోలనాలకు పట్టే కాలం ఫోనులో కొలిచింది. వంద గ్రాములకు 13.8 సెకన్లు, రెండు వందలకు 18.6, మూడు వందలకు 22.5. ఒక్కోటి మూడుసార్లు కొలిచి సగటు వేసింది. తరువాత గ్రాఫు కాగితం మీద ఒక డోలనానికి పట్టిన కాలపు వర్గాన్ని బరువుకు ఎదురుగా గీసింది. రేఖ చక్కగా వచ్చింది, కానీ మూల బిందువు గుండా పోలేదు. బరువు సున్నా అయ్యే చోట కూడా కొంత పైనే ఉంది.

నేను అలవాటు ప్రకారం “కొలతలో తప్పు వచ్చిందేమో, మళ్లీ చూడు తల్లీ” అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపి, స్కేలు పెట్టి ఆ రేఖను ఎడమ వైపుకు పొడిగించింది. అది అడ్డ అక్షాన్ని సున్నాకు అవతల ఇరవై గ్రాముల దగ్గర తాకింది. కాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చొని, లేచి స్ప్రింగు విప్పి, వాళ్ల నాయనమ్మ పిండివంటలకు వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టింది. అరవై రెండు గ్రాములు చూపించింది. “నాన్నా, స్ప్రింగు కూడా ఊగుతోంది కదా, దాని బరువులో మూడో వంతు లెక్కలోకి వస్తోంది” అని, నేను ఏమీ చెప్పకముందే కాగితం తిప్పి, ఎందుకు మూడో వంతో పేజీ నిండా రాయడం మొదలుపెట్టింది.